మైకు పట్టుకుంటే గొంతు వణుకుతోంది, మీరెలా నెట్టుకొస్తున్నారు?

చిరుగాలి
నేను చేసే పని నాకు అణువణువూ తెలుసు. నలుగురం కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఎవరేం అడిగినా టక్కున చెప్తాను. అదే విషయం లేచి నిలబడి హాలు నిండా ఉన్న జనానికి చెప్పమంటే మాత్రం వేరే మనిషినైపోతాను. ముందు రోజు రాత్రి నిద్ర పట్టదు. పేరు పిలిచేసరికి గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. నాలుక పిడచకట్టుకుపోతుంది. మొదటి రెండు వాక్యాలకే గొంతు వణుకుతుంది, ఆ వణుకు నాకే వినబడి ఇంకా ఎక్కువవుతుంది. ఎప్పుడు ముగించి కూర్చుందామా అన్న ధ్యాసలో సగం విషయం మింగేస్తాను.

వచ్చే నెల మా టీమ్ ఏడాది పనిమీద ప్రెజెంటేషన్ నేనే ఇవ్వాలన్నారు. పెద్దవాళ్లంతా ఉంటారు. నాకు కోపం ఎక్కడ వస్తోందంటే, ఈ పనిలో పావు వంతు కూడా చేయని ఒకాయన పోయినసారి మైకు పట్టుకుని గలగలా మాట్లాడేశాడు, పనంతా ఆయనే చేశాడని అందరూ అనుకున్నారు. ఈసారి అలా జరగనివ్వదలచుకోలేదు.

"కంగారు పడకు" అన్న సలహా తప్ప ఇంకేదైనా చెప్పండి. ఆ మాట వింటే టెన్షన్ ఇంకా పెరుగుతోంది.

వెనకబెంచీ
ఇది నేనే రాశానా అనిపించింది. జవాబుల కోసం కాచుకుని ఉంటాను.

మైకాసురుడు
ఎదురుగా కూర్చున్నవాళ్లంతా బనియన్లు, నిక్కర్లతో ఉన్నారని ఊహించుకోండి. భయం పోయి నవ్వొస్తుంది. మా సీనియర్ చెప్పిన చిట్కా.

పిట్టకథ
ఆ నవ్వు ఆపుకోవడానికి ఇంకో చిట్కా కావాలి కదన్నా.

నల్లబల్ల
మైకాసురుడు గారూ, ఇది చాలామంది చెప్పగా విన్నాను కానీ ఒప్పుకోను. మాట్లాడేటప్పుడు బుర్ర మొత్తం చెప్పాల్సిన విషయం మీద పెట్టినా చాలదు. అందులో కొంత తీసి జనాన్ని నిక్కర్లలో ఊహించుకోవడానికి ఖర్చు పెడితే ఇక మిగిలేదేముంది?

నేను పాఠాలు చెప్పే మనిషిని. కొత్త తరగతిలోకి వెళ్లిన మొదటి రోజు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నాకు పనికొచ్చింది ఈ చిట్కాకి సరిగ్గా వ్యతిరేకమైనది. ఎదుటివాళ్లని ఉన్నట్టే చూడటం. ఎవరికి అర్థమైంది, ఎవరి కనుబొమలు ముడిపడ్డాయి, ఎవరు రాసుకుంటున్నారు అని గమనిస్తూ ఉంటే, నేనెలా కనబడుతున్నాను అన్న ఆలోచనకి చోటు దొరకదు. భయమంతా ఆ ఆలోచన చుట్టూనే తిరుగుతుంది కాబట్టి దానికి మేత తగ్గుతుంది.

చిరుగాలి గారూ, నలుగురిలో మీరు బాగా మాట్లాడేది ఇందుకే. అక్కడ మీ చూపు వాళ్లడిగిన ప్రశ్న మీద ఉంటుంది. హాల్లో మీ చూపు మీ గొంతు మీద ఉంటోంది.

తెల్లకోటు
శరీరంలో ఏం జరుగుతోందో తెలిస్తే సగం బెదురు తగ్గుతుంది, అందుకే రాస్తున్నాను. వృత్తిరీత్యా వైద్యురాలిని.

పదిమంది చూపులు ఒకేసారి మన మీద పడితే మెదడు దాన్ని ప్రమాదంగానే లెక్క కడుతుంది. ప్రమాదానికి ఒంటిని సిద్ధం చేసే సింపథెటిక్ నాడీ వ్యవస్థ మేల్కొంటుంది, అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. చర్మానికి వెళ్లే రక్తం తగ్గుతుంది, అందుకే చేతులు చల్లబడతాయి. పల్చటి లాలాజలం ఊరడం తగ్గుతుంది, అందుకే నోరు ఎండిపోతుంది. స్వరపేటిక చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైన ఆడుతుంది. ఈ రెండూ కలిసినప్పుడే గొంతు వణికేది. ఇదంతా మిమ్మల్ని చురుగ్గా ఉంచడానికి శరీరం చేసుకునే ఏర్పాటు. మీలో ఏదో లోపముందని దీనర్థం కాదు.

రెండో సంగతి. రక్తంలోకి వచ్చిన అడ్రినలిన్ ఎక్కువసేపు ఉండదు, నిమిషాల్లోనే విరిగిపోతుంది. ప్రసంగికుల గుండె వేగం కొలిచిన పరిశోధనల్లో కూడా మాట్లాడటం మొదలుపెట్టే వేళకి అది తారస్థాయిలో ఉండి, తర్వాత మెల్లగా దిగుతూ రావడం కనబడింది. మీకు నరకంలా అనిపించే భాగం ఆ మొదటి రెండు మూడు నిమిషాలే. పారిపోకుండా నిలబడితే శరీరమే దిగివస్తుంది. తొందరగా ముగించి కూర్చోవడంవల్ల ఆ దిగివచ్చే దశని మీరు ఎప్పుడూ చూడటం లేదు. దాంతో మెదడు "కూర్చోబట్టి బతికాను" అని నేర్చుకుంటోంది.

చిరుగాలి
చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయానండీ. నిజమే, ఎప్పుడూ పూర్తి సమయం తీసుకోలేదు. కానీ ఆ రెండు మూడు నిమిషాల్లోనే నా పరిస్థితి అందరికీ తెలిసిపోతుంది కదా? ఆ సిగ్గే నన్ను చంపుతోంది.

లెక్కలరాణి
తెలిసిపోదు. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు, కొలిచి చూసిన సంగతి.

కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ప్రసంగించినవాళ్లని "మీరెంత కంగారుగా కనబడి ఉంటారు?" అని అడిగారు. చూసినవాళ్లనీ అదే అడిగారు. ప్రసంగించినవాళ్లు వేసుకున్న అంచనా ప్రేక్షకుల అంచనాకన్నా బాగా ఎక్కువ. మన లోపలి గోల మనకి అంత గట్టిగా వినబడుతుంది కాబట్టి బయటికీ అలాగే వినబడుతోందనుకుంటాం. దీన్ని ఇల్యూజన్ ఆఫ్ ట్రాన్స్‌పరెన్సీ అంటారు.

అసలు మీకు కావాల్సింది తర్వాతి భాగం. మాట్లాడబోయేవాళ్లలో కొందరికి ఏమీ చెప్పలేదు. కొందరికి "కంగారు సహజమే, దాని గురించి దిగులు పడకండి" అన్నారు. మిగిలినవాళ్లకి "మీ కంగారు మీరనుకున్నంతగా బయటికి కనబడదు" అని వివరంగా చెప్పారు. బాగా మాట్లాడింది ఈ మూడో గుంపు. వాళ్లకీ అలా అనిపించింది, చూసినవాళ్లూ అదే అన్నారు. ఉత్త ధైర్యవచనం విన్నవాళ్లకి అంత లాభం కనబడలేదు. "కంగారు పడకు" మీద మీకున్న కోపం సరైనదే.

వెనకబెంచీ
లెక్కలరాణి గారూ, చదవడానికి బాగుంది కానీ నా చేతులు వణకడం నా స్నేహితుడు చూశాడు. వచ్చి చెప్పాడు కూడా. అప్పుడేమనాలి?

లెక్కలరాణి
అసలు ఏమీ కనబడదని అనలేదండీ. మీరనుకున్నంత కనబడదు. మీ స్నేహితుడికి మీ మామూలు తీరు తెలుసు, పోల్చుకోగలడు. మిగతా హాలుకి ఆ పోలిక లేదు. ఇంతకీ చేతిలో ఏముంది?

వెనకబెంచీ
కాగితం.

ఏటిగట్టు
దొంగ దొరికాడు. పల్చటి కాగితం చేతి వణుకుని పదింతలు చేసి చూపిస్తుంది. మైకుకి దగ్గరగా ఉంటే గలగల శబ్దం కూడా వస్తుంది. మందపాటి కార్డు మీద రాసుకోండి, లేదా బల్ల మీద పెట్టి చూసుకోండి. లేజర్ పాయింటర్ ఇంకా ఘోరం. ఎర్ర చుక్క తెర మీద గంతులేస్తుంటే అందరి కళ్లూ దాని మీదే. చూపించాల్సిన అంకె మీద ముందే ఒక గుండ్రం గీసి పెట్టుకుంటే పాయింటర్ అవసరమే రాదు.

నేను సభలకి సౌండ్ సిస్టమ్ పెడతాను. పేరుమోసిన వక్తలు కూడా స్టేజీ పక్కన నిలబడి అరచేతులు తుడుచుకోవడం ఎన్నిసార్లు చూశానో. రెండడుగులు ముందుకేసి వెలుగులోకి రాగానే, కింద కూర్చున్నవాళ్లకి అదేమీ తెలియదు. ఇంకోటి, మైకు మీద తడుతూ "హలో, హలో" అనకండి. ముందుగా వచ్చి మాలాంటివాళ్లని ఒకసారి ఆన్ చేయమని అడిగి, ఖాళీ హాల్లో నాలుగు వాక్యాలు మాట్లాడి చూసుకోండి. స్పీకర్లలోంచి వచ్చే మన గొంతు మనకే కొత్తగా ఉంటుంది. ఆ కొత్తదనం జనం ముందు మొదటిసారి ఎదురవ్వకూడదు.

చిరుగాలి
ఖాళీ హాలు సంగతి నాకెప్పుడూ తట్టలేదు. తప్పకుండా చేస్తాను.

కంఠస్థం
ఇన్ని అధ్యయనాలు అక్కర్లేదు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా బట్టీ పట్టండి. నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. నేను పోటీల్లో అలాగే గెలిచాను.

నల్లబల్ల
పోటీ వేరు, ప్రెజెంటేషన్ వేరు. బట్టీ పట్టినదాంట్లో ఒక మాట జారితే తర్వాతి వాక్యం దొరకదు, గొలుసు మొత్తం తెగిపోతుంది. పైగా మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే మళ్లీ ఎక్కడినుంచి ఎత్తుకోవాలి?

కంఠస్థం
గొలుసు తెగేది సరిగ్గా బట్టీ పట్టనివాళ్లకి.

లెక్కలరాణి
ఇద్దరిదీ కొంత నిజం. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో చెప్పిన విషయం ఇక్కడ సరిపోతుంది. జనం చూస్తున్నప్పుడు బాగా అలవాటైన పని ఇంకా బాగా వస్తుంది, కొత్త పని మరింత చెడుతుంది. అందుకే సాధన మీద కంఠస్థం గారి పట్టుదల సబబే. కాకపోతే దేన్ని అలవాటు చేసుకుంటున్నాం అన్నది ముఖ్యం. వరస మాటల్ని అలవాటు చేసుకుంటే మాట జారినప్పుడు గతి లేదు. విషయాన్ని రకరకాల మాటల్లో చెప్పడం అలవాటు చేసుకుంటే ఒక దారి మూసుకుపోయినా ఇంకోటి ఉంటుంది.

కంఠస్థం
సరే, మొదటి నాలుగు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు బట్టీ. మధ్యలో మీ ఇష్టం. ఇంతకన్నా దిగను.

నల్లబల్ల
దీనికి నేనూ ఒప్పుకుంటాను. తెల్లకోటు గారు చెప్పిన ఆ గడ్డు నిమిషాల్లో బట్టీ పట్టిన వాక్యాలే ఆదుకుంటాయి.

మైకాసురుడు
నా చిట్కా కొట్టేశారు కాబట్టి ఇంకోటి. వెళ్లేముందు రెండు నిమిషాలు నడుం మీద చేతులు పెట్టి, ఛాతీ విరుచుకుని నిలబడండి. ఒంట్లో హార్మోన్లే మారిపోతాయట.

లెక్కలరాణి
పవర్ పోజ్. 2010లో వచ్చిన అధ్యయనం అలాగే చెప్పింది, కానీ 2015లో ఇంకా ఎక్కువమందితో మళ్లీ చేసి చూస్తే హార్మోన్ల మార్పు కనబడలేదు. మొదటి అధ్యయనం రాసినవారిలో ఒకరైన డేనా కార్నీయే 2016లో ఆ ప్రభావాల మీద తనకి నమ్మకం లేదని బహిరంగంగా ప్రకటించారు. అలా నిలబడితే కాస్త ధైర్యంగా అనిపిస్తుందంటే నిలబడండి, నష్టం లేదు. హార్మోన్ల మాట మాత్రం వదిలేయండి.

మైకాసురుడు
రెండూ పోయాయి. మూడోది వెతుక్కుని వస్తాను.

పిట్టకథ
మనుషులకి చావుకన్నా ప్రసంగమంటేనే ఎక్కువ భయం అంటారు కదా, అదైనా నిజమేనా లెక్కలరాణి అక్కా?

లెక్కలరాణి
1973లో అమెరికాలో చేసిన ఒక సర్వేలో, మీకు భయం కలిగించేవేవి అని జాబితా ఇస్తే జనం ముందు మాట్లాడటాన్ని 41 శాతం మంది ఎంచుకున్నారు, చావుని 19 శాతం మంది. అక్కడ పుట్టిన మాట ఇది. 2012లో ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులని అడిగి మళ్లీ చూశారు. ఎక్కువమంది ఎంచుకున్నది ప్రసంగాన్నే. అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే చెప్పమంటే మాత్రం చావే ముందొచ్చింది. చాలామందికి ఉన్న భయం, పెద్ద భయం ఒకటే కావక్కర్లేదు.

గుళిక
ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేనే చెప్తాను. ప్రొప్రనలాల్ అని మాత్ర ఉంది. వేదిక ఎక్కే ముందు వేసుకుంటే గుండె దడ, చేతుల వణుకు తగ్గుతాయి. నేను డాక్టర్‌ని అడిగే తీసుకుంటాను. సంగీత కచేరీలు చేసేవాళ్లలో చాలామంది వాడతారు, 1980ల్లో అమెరికా ఆర్కెస్ట్రా వాద్యకారుల సర్వేలో 27 శాతం మంది వాడామని చెప్పారు. దీన్ని రహస్యంలా దాచడం ఎందుకు?

తెల్లకోటు
దాచాల్సిందేమీ లేదు, కానీ ఇక్కడ చదివి ఎవరూ సొంతంగా కొనుక్కుని వేసుకోకూడదు. అది బీటా బ్లాకర్. గుండె మీద అడ్రినలిన్ పని చేయకుండా అడ్డుకుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లకి ఊపిరి ఆడకుండా చేసే ప్రమాదం ఉంది. గుండె వేగం ముందే తక్కువ ఉన్నవాళ్లకి, కొన్నిరకాల గుండె జబ్బులున్నవాళ్లకి పనికిరాదు. షుగర్‌కి మందులు వాడేవాళ్లలో షుగర్ పడిపోతున్న సూచనల్ని కప్పేస్తుంది. ఇంకోటి, అది శరీరంలోని దడని తగ్గిస్తుందే తప్ప "నన్నేమనుకుంటారో" అన్న ఆలోచనని తగ్గించదు.

గుళిక
ఒప్పుకుంటాను. కానీ మందు తీసుకోవడం అంటే ఓడిపోవడం అన్నట్టు మాట్లాడేవాళ్లని చాలామందిని చూశాను. దాని దయవల్లే నేను ఉద్యోగం వదిలేయకుండా నిలబడ్డాను. సాధన చేసే అవకాశం దొరకాలంటే ముందు వేదిక దాకా వెళ్లగలగాలి కదా.

తెల్లకోటు
ఓడిపోవడం అని నేను ఎప్పటికీ అనను. కొంతమందిలో ఇది మామూలు బెదురు దాటి జబ్బు స్థాయికి వెళ్తుంది. చదువు, ఉద్యోగం, పెళ్లిలో నాలుగు మాటలు మాట్లాడే సందర్భం కూడా తప్పించుకుంటూ బతుకుతారు. 2013లో వచ్చిన మానసిక వ్యాధుల వర్గీకరణలో సోషల్ యాంగ్జైటీ (నలుగురిలో ఉన్నప్పుడు కలిగే విపరీతమైన బెదురు) కిందే, కేవలం జనం ముందు ప్రదర్శన ఇచ్చేటప్పుడు మాత్రమే వచ్చే రకాన్ని విడిగా గుర్తించారు. ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ దీనికి బాగా పనిచేస్తుంది. అలాంటివాళ్లు సైకాలజిస్టుని కలవాలి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

నిర్వాహకులు
మందుల మోతాదులు, కొనే మార్గాలు ఇక్కడ రాయవద్దు. ఒక పోస్టు తొలగించాం. మిగతా చర్చ కొనసాగించండి.

నెమ్మది
నాకు చిన్నప్పటి నుంచి నత్తి. ఈ చర్చలో అందరూ గొంతు వణకడం గురించి రాస్తున్నారు. నాకు మాటే రాకుండా అడ్డుపడుతుంది. నత్తి ఉన్న ప్రతివాళ్లకీ ఎవరో ఒకరు డెమోస్తనీస్ కథ చెప్తారు, నోట్లో గులకరాళ్లు పెట్టుకుని సాధన చేసి గ్రీకుల్లో మహావక్త అయ్యాడని. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, గొంతులోకి పోతే ప్రాణం మీదకొస్తుంది.

నాకు నిజంగా పనికొచ్చింది స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకున్న ఒక పద్ధతి, మొదట్లోనే చెప్పేయడం. "నాకు నత్తి ఉంది, కొన్ని మాటలకి కాస్త సమయం పడుతుంది" అని ముందే అంటాను. దాచాలన్న ప్రయత్నం ఆగిపోతే ఒంట్లో బిగువు సగం పోతుంది. ఆ బిగువే నత్తిని పెంచేది. బ్రిటన్ రాజు ఆరో జార్జి, రాజు కాకముందు 1925లో వెంబ్లీలో మాట్లాడలేక అవస్థ పడ్డాడు. మరుసటి ఏడాది నుంచి లయొనెల్ లోగ్ అనే స్పీచ్ థెరపిస్టు దగ్గర ఊపిరి మీద, పలకడం మీద సాధన చేశాడు. రాజయ్యాక కూడా ఆగి ఆగే మాట్లాడాడు, జనం విన్నారు. నత్తి పోవాలని ఎదురుచూస్తూ కూర్చుంటే నేను ఇప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడి ఉండేవాణ్ణి కాదు.

చిరుగాలి
నెమ్మది గారూ, మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. మరి నా గొంతు వణుకుతుందని నేనూ ముందే చెప్పేయాలా?

లెక్కలరాణి
నేనైతే వద్దంటాను. నత్తి వినబడుతుంది కాబట్టి చెప్తే విన్నవాళ్లకి సాయం. కంగారు పెద్దగా కనబడదు. చెప్తే అప్పటిదాకా గమనించనివాళ్లు కూడా వెతకడం మొదలుపెడతారు.

గుళిక
నేను చెప్తాను, నాకు తేలిక పడుతుంది. మనిషిని బట్టి ఉంటుంది.

సాయంత్రపుతెర
నా బాధ వేరు. ఆన్‌లైన్ మీటింగులు. అందరూ కెమెరాలు ఆపేస్తారు. నల్లటి పెట్టెలకి చెప్పుకోవడం. హాల్లో కన్నా ఎక్కువ చెమట పడుతోంది.

తెల్లకోటు
దానికి కారణం ఉంది. ఒత్తిడిని అధ్యయనం చేసేందుకు జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో ఒక పరీక్ష తయారుచేశారు. కొద్దిసేపు సిద్ధమై న్యాయనిర్ణేతల ముందు 5 నిమిషాలు మాట్లాడాలి, తర్వాత మరో 5 నిమిషాలు నోటి లెక్కలు చేయాలి. ఆ నిర్ణేతలకి ఇచ్చే శిక్షణ ఏమిటంటే ముఖంలో ఏ భావమూ చూపించకూడదు, తల కూడా ఊపకూడదు. ఈ ఏర్పాటుతో చాలామందిలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ గట్టిగా పెరుగుతుంది. ఎదుటి ముఖంలో స్పందన లేకపోతే మన మెదడు దాన్ని తిరస్కారంగా చదువుతుంది. మీ నల్లపెట్టెలూ అంతే. ఇద్దరు ముగ్గురినైనా కెమెరా పెట్టుకోమని ముందే అడగండి.

నల్లబల్ల
హాల్లోనూ ఇదే చేయవచ్చు. వినేటప్పుడు తలూపే మనుషులు ప్రతి సభలో కొందరుంటారు. ఎడమవైపు ఒకరిని, మధ్యలో ఒకరిని, కుడివైపు ఒకరిని వెతుక్కుని, ఒక్కొక్కరికీ ఒక పూర్తి వాక్యం చెప్పండి. హాలు మొత్తానికి చెప్తున్నట్టే ఉంటుంది. కళ్లు మూసుకున్న మనిషిని చూసి కుంగిపోకండి. ఆయనకి రాత్రి నిద్ర లేకపోయి ఉండవచ్చు.

ఒంటరిమొక్క
అందరూ ఎలా మాట్లాడాలో చెప్తున్నారు. ప్రతివాళ్లూ ఎందుకు మాట్లాడాలి అని ఎవరూ అడగరేం? పని బాగా చేసేవాళ్లకన్నా బాగా మాట్లాడేవాళ్లని పైకెక్కించే పద్ధతిలోనే తప్పుంది. చిరుగాలి గారికి జరిగింది అన్యాయం. దాన్ని ఆమె గొంతు లోపంగా మార్చేశాం మనం. పని చేసినవాళ్ల పేర్లు నివేదికలో రాస్తే సరిపోదా?

నల్లబల్ల
మీ మాటలో న్యాయం ఉంది. పద్ధతి మారాలి. కానీ వచ్చే నెలలోపు మారదు.

గుళిక
ఒంటరిమొక్క గారు చెప్పింది నాకు బాగా తగిలింది. గాంధీజీ కూడా యువకుడిగా లండన్‌లో శాకాహార సంఘం సమావేశంలో రాసుకొచ్చిన ప్రసంగాన్ని చదవలేకపోతే వేరేవాళ్లు చదివిపెట్టారు. బారిస్టరై తిరిగొచ్చాక బొంబాయి కోర్టులో మొదటి కేసులో ప్రశ్న అడగడానికి లేచి నోరు పెగలక కూర్చుండిపోయారు. ఆ బిడియం వల్లే మాటల్ని పొదుపుగా వాడటం అలవాటైందని తర్వాత ఆయనే రాసుకున్నారు. గలగలా మాట్లాడేవాళ్లే నాయకులనే లెక్క ఎక్కడ మొదలైందో.

ఒంటరిమొక్క
అలాంటివాళ్లు మాట్లాడితే మిగతా హాలు నిశ్శబ్దంగా వినే ఓపిక చూపించాలి. వినేవాళ్ల బాధ్యత గురించి కూడా ఎవరైనా శిక్షణ ఇవ్వాలి.

తెల్లకోటు
చిరుగాలి గారూ, ఆ రోజు కోసం ఒకటి రెండు మాటలు. మీ పేరు పిలిచే ముందు ఊపిరి పీల్చడం మీద కాకుండా వదలడం మీద దృష్టి పెట్టండి. పీల్చినదానికి రెట్టింపు సమయం తీసుకుని మెల్లగా వదిలితే గుండె వేగం కొంత తగ్గుతుంది. ఆ పూట కాఫీ మామూలుకన్నా ఎక్కువ తాగకండి, వణుకు పెరుగుతుంది. మోకాళ్లు బిగించి నిలబడకండి. నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి. ఒక గుటక తాగడానికి ఆగితే ఎవరూ తప్పు పట్టరు.

లెక్కలరాణి
"నేను ప్రశాంతంగా ఉన్నాను" అని మీకు మీరు చెప్పుకోకండి, ఒళ్లు నమ్మదు. అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో చేసిన ప్రయోగాల్లో, మాట్లాడేముందు "నేను ఉత్సాహంగా ఉన్నాను" అనుకున్నవాళ్లు "ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్లకన్నా బాగా మాట్లాడారని విన్నవాళ్లు తేల్చారు. గుండె దడ తగ్గలేదు, దానికి పెట్టిన పేరు మారింది.

మైకాసురుడు
మూడో చిట్కా దొరికింది. ఒంటరిగా అద్దం ముందు కాకుండా, మన టీమ్‌లో ఇద్దరిని కూర్చోబెట్టి, నిలబడి, పెద్ద గొంతుతో, గడియారం పెట్టుకుని పూర్తిగా చెప్పడం. తర్వాత నలుగురికి, ఆ తర్వాత ఎనిమిదిమందికి. నేనలాగే చేస్తాను. ఇదైనా ఉంచుతారా?

లెక్కలరాణి
ఇది బంగారం. మెట్టు మెట్టుగా భయానికి ఎదురెళ్లడం 1950ల నుంచీ చికిత్సలో వాడుతున్న పద్ధతే. ఫోన్‌లో వీడియో కూడా తీయమనండి.

చిరుగాలి
ప్రెజెంటేషన్ అయిపోయింది. హాలు ఖాళీగా ఉన్నప్పుడే వెళ్లి మైకులో మాట్లాడి చూసుకున్నాను. ముందు వారమంతా టీమ్‌లో ఇద్దరిని, తర్వాత ఇంకొందరిని కూర్చోబెట్టి చెప్పాను. వీడియో చూస్తే వణుకు నాకు లోపల వినబడినంత లేదు, అది చూసి ఎంత తేలిక పడ్డానో చెప్పలేను.

అసలు రోజు మొదట్లో గొంతు వణికింది. బట్టీ పట్టిన వాక్యాలు దాటే దాకా వణికింది. తర్వాత ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. ముందు వరసలో ఒకావిడ ప్రతి అంకెకీ తలూపుతూ రాసుకుంటుంటే ఆవిడకే చెప్పుకుంటూ పోయాను. మధ్యలో, పోయినసారి మైకు పట్టుకున్న మా పెద్దమనిషి "ఇక్కడ నేను కాస్త వివరిస్తాను" అని లేవబోతే, "ఆ లెక్కలు నేనే చేశాను, నేనే చెప్తాను" అన్నాను. ఆ మాట ఏ కాగితంలోనూ రాసుకోలేదు.

వెనకబెంచీ
భలే చెప్పారండీ! నాకు వచ్చే వారమే ఉంది. మధ్యలో ఒక్కసారిగా అంతా మర్చిపోతే ఏం చేయాలి? నాకదే బెంగ.

నల్లబల్ల
ఇప్పటిదాకా చెప్పింది ఒక్క వాక్యంలో మళ్లీ చెప్పండి. "అంటే ఇంతవరకు మనం చూసింది ఇదీ" అని. చెప్తుండగానే తర్వాతిది గుర్తొస్తుంది. గుర్తు రాకపోతే ఆగి కార్డు చూసుకోండి. మీకు యుగంలా అనిపించే విరామం వినేవాళ్లకి రెండు మూడు క్షణాలే, వాళ్లకీ ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది. కార్డు మీద వాక్యాలు కాదు, మాటలు రాయండి. పెద్ద అక్షరాలతో.

కంఠస్థం
అది కూడా మొదటి నాలుగు వాక్యాలు బట్టీ పట్టాకే.

వెనకబెంచీ
పడతాను పడతాను. మరి చివర్లో ప్రశ్నలు? జవాబు తెలియకపోతే?

ఒంటరిమొక్క
తెలియదని చెప్పడమే. "ఇది సరిచూసుకుని రేపటిలోగా మీకు పంపిస్తాను" అని, నిజంగానే పంపించండి. తెలియనిదాన్ని కప్పిపుచ్చడానికి సాగదీసేవాళ్లని వినేవాళ్లు పసిగడతారు.

ఏటిగట్టు
ప్రశ్న అడిగినవాళ్ల దగ్గర మైకు ఉండదు, వెనక వరసలకి వినబడదు. అందుకని ముందు ప్రశ్నని మీ మైకులో మళ్లీ చెప్పండి, తర్వాత జవాబు. వెనకవాళ్లకి మేలు, ఆలోచించుకోవడానికి మీకూ కాస్త వ్యవధి దొరుకుతుంది. మైకు గడ్డానికి నాలుగు వేళ్ల దూరంలో ఉంచండి, తల తిప్పినప్పుడు దాన్నీ తిప్పండి.